కబుర్ల కుర్చీ

ఆ వానాకాలం మా ఇంట్లో తువ్వాళ్ళు ఆరలేదు. సెలూన్ వాళ్ళ ఇంటికి అంతకంటే పెద్ద కష్టం ఉండదని అప్పటిదాకా అనుకునేదాన్ని. రోజూ షాపు నుంచి బుట్టెడు తువ్వాళ్ళు వస్తాయి, అన్నీ తెల్లవే. నా తోడికోడలూ నేనూ కలిసి ఉతికి పెరట్లో ఆరేస్తే, మర్నాటికి మడతపెట్టి మళ్ళీ షాపుకి పంపాలి. పెరట్లో చూస్తే వాన. ఇక చేసేదేముంది, ముందు గదిలో, నడవలో, వంటింటి గుమ్మం ముందు అడ్డంగా తాళ్ళు కట్టేశాం. ఇంట్లో ఎటు కదిలినా తడి తువ్వాలు మొహానికి కొట్టుకునేది. ఎదురుగా వచ్చేది ఎవరో దగ్గరికొచ్చేదాకా తెలిసేది కాదు. మా కథంతా ఆ తువ్వాళ్ళ మధ్యే నడిచింది.

మా ఆయనా, మా బావగారూ కవలలు. బావగారు కాస్త ముందు పుట్టారట. ఆ కాస్తకే జీవితాంతం పెత్తనం చేశారు. ఇద్దరిదీ ఒకటే మొహం, ఒకటే ఎత్తు, ఆఖరికి చెప్పులు విడిచే తీరు కూడా ఒకటే. తేడా అంతా నోటి దగ్గరే. బావగారి నోరు మూయించడం ఎవరి వల్లా అయ్యేది కాదు, మా ఆయన నోరు తెరిపించడం నా వల్ల కూడా అయ్యేది కాదు. సెలూన్‌లో రెండు కుర్చీలు. గుమ్మం వైపుది బావగారిది, దాన్ని వీధంతా కబుర్ల కుర్చీ అనేవాళ్ళు. గోడ వైపుది మా ఆయనది, అది కునుకు కుర్చీ. నాలుగు మాటలు చెప్పుకుంటే గానీ తోచనివాళ్ళు కబుర్ల కుర్చీ ఖాళీ అయ్యేదాకా బెంచీ మీద కాచుకుని కూర్చునేవాళ్ళు. తలనొప్పి వాళ్ళూ, ఇంట్లో మాటలు పడి వచ్చినవాళ్ళూ కునుకు కుర్చీలో వాలి కళ్ళు మూసుకునేవాళ్ళు. మనిషి ఏ కుర్చీ వైపు నడుస్తున్నాడో చూస్తే ఆ రోజు అతని మనసెలా ఉందో తెలిసిపోయేది.

నేను ఆ ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి, "చొక్కా విప్పండి, బొత్తాం ఊడింది, కుట్టిపెడతాను" అంటూ బావగారి చొక్కా పట్టుకుని లాగాను. ఆయన గట్టిగా నవ్వి, "అమ్మాయ్, నీ మొగుడు పెరట్లో ఉన్నాడు. అయినా కుట్టేదేదో నాది కూడా కుట్టెయ్" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయి వంటింట్లోకి పారిపోయి ఏడుస్తూ కూర్చున్నాను. అక్కడ అక్క, అంటే బావగారి భార్య, ఉల్లిపాయలు తరుగుతోంది. "ఏడుస్తావెందుకే? అసలు పోలికెక్కడుంది వాళ్ళిద్దరికీ? నాకెప్పుడూ కనపడలేదు" అంది, మొహం మీద నవ్వన్నది లేకుండా. అంత పచ్చి అబద్ధానికి నాకు ఏడుపు ఆగి నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ నాకు తోడికోడలు కాదు, సొంత అక్కే.

తువ్వాళ్ళు ఆరని ఆ ఏడే, వానలు మొదలయ్యే ముందు బావగారు జ్వరంతో పోయారు. దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

పిల్లలు లేని ఇల్లు మాది. ఆ లోటు తెలియకుండా అల్లరంతా బావగారే చేసేవారు. రోజూ సాయంత్రం షాపు నుంచి రాగానే వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని, ఆ రోజు కబుర్ల కుర్చీలో విన్నదంతా అక్కకి అప్పజెప్పేవారు. అక్క షాపు గడప తొక్కేది కాదు, కానీ షాపుకొచ్చే జనమంతా ఆవిడకి చుట్టాలకంటే ఎక్కువ. బేకరీ ఆయన మోకాలి నొప్పి తెలుసు, లెక్కల మాస్టారికి అల్లుడితో మాటల్లేవని తెలుసు. టైర్ల కొట్టాయన ఒక చిలకని పెంచుకుంటున్నాడు. దానికి ఏ జబ్బు చేసిందో, ఈకలన్నీ రాలుతున్నాయి. అక్క దిగులంతా ఆ చిలక మీదే. బావగారు కాళ్ళు కడుక్కుని ఇంకా లోపలికి రాకముందే, "చిలక ఎలా ఉందట?" అని అడిగేది.

బావగారు పోయాక మా ఆయన మళ్ళీ షాపు తెరిచిన మొదటి రోజుల్లోనే అది జరిగింది. సాయంత్రం. బయట వాన. అక్క పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది, నేను నడవలో తువ్వాళ్ళు తిరగేస్తున్నాను. మా ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి, వంటింటి గుమ్మం ముందున్న తువ్వాలు పక్కకి తప్పించారు. అవే అడుగులు, అదే పౌడరు వాసన. అక్క ఇటు తిరిగింది.

"వచ్చారా? చిలక ఎలా ఉందట?" అంది.

మొహమంతా వెలుగు. ఎన్నాళ్ళైందో నేను ఆ మొహాన్ని అలా చూసి.

మా ఆయన ఉన్నచోటే నిలబడిపోయారు. "వదినా, నేను" అన్నారు.

"ఆఁ. నువ్వే" అంది అక్క. గరిటె పక్కన పెట్టింది, పొయ్యి ఆపింది, నా పక్కనుంచే తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సగం ఉడికిన కూర నేను పూర్తిచేశాను. ఎవరమూ తినలేదు.

మర్నాటి నుంచి మా ఆయనకి దగ్గు పట్టుకుంది. జలుబు లేదు, జ్వరం లేదు, ఇంటి గుమ్మంలోకి వస్తే చాలు గట్టిగా దగ్గేవారు, వస్తున్నది నేను, వాడు కాదు అని చెప్పడానికి. పాపిడి అటు నుంచి ఇటు మార్చారు. అన్నదమ్ములిద్దరూ షాపుకి తెల్ల చొక్కాలు వేసుకునేవాళ్ళు, ఈయన గళ్ళ చొక్కాలు తీశారు. అక్క ముందు గదిలో ఉంటే ఈయన పెరటి వైపు నుంచి వచ్చేవారు. అన్నిటికీ మించి గడ్డం పెంచారు.

"సెలూన్ పెట్టుకుని ఈ గడ్డమేమిటండీ? జనం నవ్విపోరూ?" అన్నాను.

"గీసేవాడు లేడు కదే" అన్నారు.

వాళ్ళకో అలవాటుంది. పొద్దున్నే షాపు తలుపు సగం ఎత్తి, మొదటి మనిషి రాకముందే అన్న తమ్ముడికీ తమ్ముడు అన్నకీ గడ్డం గీసేవాళ్ళు. నూనూగు మీసాల నాటి నుంచీ అంతే. ఊళ్ళో అందరి గడ్డాలూ గీసిన మనిషికి తన గడ్డం తను గీసుకోవడం రాదంటే ఎవరు నమ్ముతారు? ఇంకో సెలూన్‌కి వెళ్ళమంటే పరువు పోతుందన్నారు. "పోనీ అద్దంలో చూసుకుంటూ మెల్లగా మీరే గీసుకోండి" అన్నాను. అద్దంలోకి చూస్తే ఎదురుగా ఎవరు కనపడతారో నాకు కాసేపటికి తట్టింది. ఇక ఆ ఊసెత్తలేదు.

షాపులో పరిస్థితి ఇంకా ఘోరం. కబుర్ల కుర్చీ వాళ్ళు అలవాటు కొద్దీ వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుంటున్నారు. కత్తెర పట్టుకుని వెనక నిలబడుతున్నది మా ఆయన.

"ఏమే, జనాన్ని ఏమడుగుతారే?" అన్నారు ఒకరోజు, ఏదో చదువు చెప్పమన్నట్టు.

"ఏముందండీ, ఎలా ఉన్నారు, ఇంట్లో అందరూ బాగున్నారా అనడగండి."

మర్నాడు వచ్చి, "అడిగాను. బాగున్నాం అన్నారు" అన్నారు.

"తర్వాత?"

"తర్వాత ఏముంటుంది? బాగున్నామన్నారుగా!"

నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. కానీ ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయన దగ్గడం కూడా మరిచిపోయి వచ్చి ముందు గదిలో కూలబడ్డారు.

"బేకరీ ఆయన వచ్చాడే. గుడ్డ కప్పాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, వానలు బాగా పడుతున్నాయి అన్నాను. అద్దంలో నా మొహం చూశాడు. చూస్తూ చూస్తూ ఏడ్చేశాడు. చేతులు గుడ్డ కింద ఉన్నాయి, తుడుచుకోవడానికి లేదు. నేనే తుడిచాను. నా మొహం చూసి జనం ఏడుస్తుంటే ఇంక షాపెందుకు? మూసేద్దామా?"

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను. అక్క గది వైపు తిరిగి, ఆ తలుపుకి వినపడేలా, "మూసేద్దాం! షాపు మూసేద్దాం, ఇల్లు మూసేద్దాం, అందరం తలో గదిలో తలుపులేసుకుని కూర్చుందాం!" అని అరిచాను.

తలుపు తెరుచుకుంది. అక్క వచ్చింది. మా ఆయన చటుక్కున లేచి తువ్వాళ్ళ వెనక్కి వెళ్ళిపోయారు. ఆరడుగుల మనిషి, తువ్వాలు కింద కాళ్ళు కనపడుతూనే ఉన్నాయి.

అక్క నావైపే చూస్తూ, "బేకరీ ఆయన దగ్గర వానల మాటెత్తితే ఏడవక ఏం చేస్తాడు? వానొస్తే ఆ మనిషికి మోకాలు నొప్పి. మోకాలు ఎలా ఉందని అడగమను. ఏ కాలు అని కూడా అడగమను. పాంటు మడిచి మరీ చూపిస్తాడు" అంది.

"వినపడిందా అండీ?" అన్నాను తువ్వాలుతో.

"ఊఁ" అంది తువ్వాలు.

అలా నాకు ఆ ఇంట్లో పోస్టుమాన్ ఉద్యోగం దొరికింది. రోజూ పొద్దున్నే, "రేపో ఎల్లుండో లెక్కల మాస్టారు వస్తారు, ఏమడగాలో కనుక్కో" అని ఆయన తువ్వాలు అవతల నుంచి అనేవారు. "అల్లుడి మాటెత్తొద్దను. మనవరాలు పాటలు పాడుతుంది, అదడగమను" అని అక్క ఇవతల నుంచి అనేది. ఇద్దరి మాటా ఇద్దరికీ వినపడుతూనే ఉండేది. అయినా మధ్యలో నేను ఉండి తీరాలి. సాయంత్రం ఆయన తెచ్చిన జవాబులు మళ్ళీ నా చేతే అక్కకి చెప్పించేవారు. ఒక్కో కబురూ రెండేసి సార్లు విని నా చెవులు చిల్లులు పడ్డాయి, కానీ సంతోషంగానే ఉండేది. బేకరీ ఆయన నిజంగానే పాంటు మడిచి చూపించాడట. కుర్చీ మళ్ళీ కాస్త కాస్తగా కబుర్లాడటం మొదలుపెట్టింది.

ఒక్క టైర్ల కొట్టాయన విషయంలో మాత్రం అక్క పెదవి విప్పలేదు. "ఆయన్నేమడగాలి?" అని మా ఆయన ఎన్నిసార్లు అన్నా, వినపడనట్టు పని చేసుకునేది. చిలక గురించి అడగాలని మా ముగ్గురికీ తెలుసు. ఎవరమూ ఆ మాట అనలేదు. టైర్ల కొట్టాయన వచ్చి కునుకు కుర్చీలో కూర్చుని వెళ్ళిపోతున్నాడని మా ఆయన చెప్పారు.

షాపు సెలవు రోజు మధ్యాహ్నం నేను పెరట్లోంచి వస్తుంటే ముందు గది గుమ్మంలో అక్క కనపడింది. ఒక చేత్తో తువ్వాలు పక్కకి పట్టుకుని లోపలికి చూస్తోంది. లోపల మా ఆయన పడక్కుర్చీలో నిద్రపోతున్నారు, తల ఒకవైపు వాల్చి, నోరు కొంచెం తెరిచి. ఆవిడ చూస్తున్నది నా మొగుణ్ణి కాదని నాకు తెలుసు. తెలిసినా, అబద్ధమెందుకు, నాకు కుళ్ళుగా అనిపించింది. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్క నన్ను చూసింది. తువ్వాలు వదిలేసింది. "నిద్రపోతుంటే ఇద్దరూ ఒకటేనే" అంది. ఆపైన నా మొహంలోకి చూసి, "నీకు కష్టంగా ఉంది కదూ?" అనడిగింది.

"లేదక్కా."

"ఉంటుందే. నాకైనా ఉండేది."

ఆ సాయంత్రమే అక్క తన తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన వేరే ఊళ్ళో ఉంటాడు, మంచివాడు, అక్కని తనింటికి రమ్మని మొదట్నుంచీ బతిమాలుతున్నాడు. వానలు తెరిపివ్వగానే వచ్చి తీసుకెళ్తానన్నాడు. అక్క అటక మీద నుంచి సంచీ దింపి చీరలు సర్దడం మొదలుపెట్టింది. నేను రోజూ ఆకాశం వైపు చూసి, ఇంకా పడు, ఇంకా పడు అనుకునేదాన్ని. తువ్వాళ్ళు ఆరకపోతే పీడాపోయిందనిపించింది.

నా మొర వినేవాళ్ళెవరు? ఒక పొద్దున లేచేసరికి ఎండ కాసింది. తమ్ముడు రేపు వస్తున్నానని ఫోన్ చేశాడు. అక్క పెరట్లో తీగ మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది, ఆఖరి పని చేస్తున్నట్టు, ఒక్కోదాన్నీ రెండుసార్లు విదిలించి. నాకిక ఆగలేదు.

"ఎందుకు వెళ్తున్నావో చెప్పి వెళ్ళు" అన్నాను.

"చెప్పేదేముందే? ఆ మనిషి తన ఇంట్లో తను దొంగలా తిరుగుతున్నాడు. దగ్గుకుంటూ రావాలి, వెనక నుంచి పోవాలి, ఆ గడ్డమొకటి. ఎవరి కోసం? నేను వెళ్తే అతని మొహం అతనికొస్తుంది. నీ మొగుడి మొహం నీకొస్తుంది."

"నువ్వు వెళ్తే నాకు మిగిలేదేంటక్కా? ఈ తువ్వాళ్ళా?"

అక్క ఇంకో తువ్వాలు అందుకుంది. నేను విసవిసా లోపలికెళ్ళి, షాపుకి బయల్దేరుతున్న మా ఆయన చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆయన పెట్టెలోంచి కత్తీ బ్రష్షూ సబ్బూ తీశాను.

"ఏం చేస్తున్నావే?"

"గడ్డం గీస్తున్నాను."

"నువ్వా!" అన్నారు. జీవితంలో మొదటిసారి ఆయన కళ్ళల్లో నిజమైన భయం చూశాను. అయినా కదల్లేదు. నురగ పట్టించాను. బుగ్గల మీద బాగానే వచ్చింది. ఎడమ దవడ కింద పైనుంచి కిందకి లాగానో లేదో, చర్మం తెగి నురగలో ఎర్రగా చిమ్మింది. ఆయన "స్స్" అన్నారు.

"అక్కడ కిందకి లాగకు!"

అక్క గొంతు. తువ్వాలు చేత్తో పట్టుకునే వచ్చింది. "ఆ దవడ కింద సుడి ఉంది. అడ్డంగా గియ్యాలి. ఆయన చెప్పేవారు, మొహం నాదే కానీ గడ్డం మాత్రం వాడిదే, వాడికి నోరు లేదు కాబట్టి పంతమంతా గడ్డానికొచ్చింది అని."

ఆ మాటకి మా ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

అక్క నా చేతిలోంచి నీళ్ళ గిన్నె తీసుకుంది. "మరిదీ, తల పైకెత్తు" అంది. మధ్యలో నేను లేకుండా ఆయనతో నేరుగా మాట్లాడింది. ఆయన ఎత్తారు. "చెవి దగ్గర చర్మం లాగి పట్టుకో. ఆఁ, అలా. గడ్డం గుంటలో ఆఖర్న గియ్యాలి, ముందు గీస్తే మంట పుడుతుందట" అని ఆవిడ చెబుతుంటే నేను గీశాను. అక్క ఎప్పుడూ కత్తి పట్టని మనిషి. కానీ ఆ మొహం మీద ఎక్కడ ఏముందో అన్నీ తెలుసు. ఎన్ని సాయంత్రాలు ఆ పీట మీద కూర్చుని తమ్ముడి గడ్డం గురించి చెప్పి ఉంటారో బావగారు!

నురగ తుడిచి, తెగినచోట పటిక రాశాను. పెరట్లో అద్దం లేదు. మా ఆయన కళ్ళు తెరిచారు గానీ ఎటు చూడాలో తెలియక తన మోకాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. అక్క ఆ మొహం వంక చూసింది. చాలాసేపు చూసింది. చూరు నుంచి రాత్రి వాన తాలూకు చుక్కలు ఇంకా పడుతున్నాయి. ఆవిడ నీళ్ళ గిన్నె కింద పెట్టింది.

"అసలు పోలికెక్కడుందే?" అంది నాతో. మొహం మీద నవ్వన్నది లేదు. కళ్ళు మాత్రం నిండి ఉన్నాయి.

మా ఆయన "కత్తి కడుక్కోవాలి" అంటూ లేచి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ కత్తి కడగడానికి ఎంతసేపు పట్టిందో! అక్క మిగిలిన తువ్వాళ్ళు ఆరేసింది.

మర్నాడు తమ్ముడు బండి మాట్లాడుకుని వచ్చాడు. అక్క టీ ఇచ్చి, "జుట్టేమిట్రా అలా పెరిగింది? ముందు షాపుకెళ్ళి కత్తిరించుకో" అని పంపించేసింది. కబుర్ల కుర్చీలో కూర్చుని అక్క గురించి తన బాధంతా మా ఆయనకి చెప్పుకున్నాడట. అక్కని తీసుకెళ్దామని వచ్చినవాడు శుభ్రంగా క్రాఫు చేయించుకుని, ఖాళీ బండిలో వెళ్ళిపోయాడు. సంచీ ఎప్పుడు అటకెక్కిందో నేను చూడలేదు.

ఆ సాయంత్రం నేను ముందు గదిలో ఆరిన తువ్వాళ్ళు మడతపెడుతున్నాను. తాళ్ళన్నీ విప్పేశాం, ఇల్లు ఈ చివర నుంచి ఆ చివరకి కనపడుతోంది. మా ఆయన కాళ్ళు కడుక్కుని గుమ్మంలోకొచ్చి అలవాటు కొద్దీ దగ్గారు.

"ఆ దగ్గుకి మందైనా వేసుకో, లేదా మానెయ్" అంది అక్క పొయ్యి దగ్గర నుంచి. అని ఇటు తిరిగింది. ఆయన్నే, నున్నటి ఆ మొహాన్నే చూస్తూ అడిగింది.

"వచ్చావా మరిదీ? చిలక ఎలా ఉందట?"

నా చేతిలో తువ్వాలు అలాగే ఆగిపోయింది. ఆయన లోపలికొచ్చారు. బావగారి పీట గోడకి ఆనించి ఉంది, దాన్ని కదపలేదు. దాని పక్కన నేల మీద కూర్చున్నారు.

"ఇవాళే అడిగాను వదినా" అన్నారు. "కొత్త ఈకలు వస్తున్నాయట."

అక్కడితో ఆగిపోయారు. చెప్పడం ఆయనకి ఎప్పుడొచ్చింది గనక! అక్క పొయ్యి మంట తగ్గించి, గుమ్మం దగ్గరికొచ్చి కూర్చుంది.

"తర్వాత?" అంది.